నికాహ్‌నామా ఉందా సార్?

గత నెల బేటీకి పరీక్ష సెంటర్ విజయవాడలో పడింది. పొద్దున తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి. హైదరాబాద్ నుంచి ముందురోజే వెళ్లి ఒక రాత్రి హోటల్లో ఉందామనుకున్నాం. ఒక్క రాత్రి గురించి రాయడానికి ఏముంటుంది? లిఫ్టులో ఆ పిల్ల ఆ ప్రశ్న అడగకపోతే నేనూ రాసేవాణ్ణి కాదు.

మా అబ్బా కాలంలో హోటల్ మాటే లేదు. ఏ ఊరెళ్లినా ఖాలా ఇల్లో, ఫుప్పూ ఇల్లో ఉండేది. లాడ్జిలో దిగామని తెలిస్తే వాళ్లు రెండేళ్లు మాట్లాడేవాళ్లు కాదు. ఇప్పుడు విజయవాడలో ఖాలా కొడుకు కుటుంబం రెండు గదుల ఫ్లాటులో సర్దుకుంటోంది. మెహమాన్ నవాజీ మూడు రోజులని హదీసు చెబుతుంది. మేజ్‌బాన్‌కు తక్లీఫ్ అయ్యేదాకా ఉండొద్దని కూడా చెబుతుంది. మనవాళ్లు మొదటి ముక్కే గుర్తు పెట్టుకుంటారు. అందుకే ఆన్‌లైన్లో గది బుక్ చేసి డబ్బు ముందే కట్టేశాను.

బయలుదేరే ముందు రాత్రి మా ఆవిడ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ సర్దింది. ముగ్గురి ఆధార్‌లు, ఓటరు కార్డులు, నా డ్రైవింగ్ లైసెన్సు, ప్రెస్ కార్డు, అన్నిటికన్నా అడుగున మా నికాహ్‌నామా జిరాక్స్. ఇదెందుకన్నాను. "ఎహ్తియాత్" అంది. నేనూ కాదనలేదు.

బస్సు హయాత్‌నగర్ మీదుగా పోతుంటే బేటీకి అక్కడి మసీదు గురించి చెప్పాను. కుతుబ్‌షాహీల కాలంలో హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరది. మసీదు చుట్టూ ముసాఫిర్ల కోసం కమానుల గదుల వరుస కట్టారు. పక్కనే హాథీ బావి. మచిలీపట్నం రేవుకు పోయే దారిలో అదొక సరాయి. ఆ గదుల్లో దిగినవాళ్ల కాగితాలు ఎవరు అడిగి ఉంటారో మరి. ఆ దారినే మేం ఏసీ బస్సులో, ఫోల్డర్ ఒళ్లో పెట్టుకుని పోతున్నాం.

కౌంటర్లో కుర్రాడు ముందు నవ్వుతూనే ఉన్నాడు. కంప్యూటర్లో నా పేరు చూశాడు, తలెత్తి మా ఆవిడ బుర్ఖా చూశాడు. "బుకింగ్ ఉంది సార్, ఒక్క నిమిషం" అని లోపలికి ఫోన్ చేశాడు. ఏ పని మీద వచ్చారన్నాడు. హాల్ టికెట్ చూపించాం. ఇక్కడ బంధువులున్నారా అన్నాడు. మా పక్కనే ఇంకో కుటుంబం, వాళ్లూ తల్లీ తండ్రీ కూతురే, ఆధార్‌లు ఇచ్చి రెండు నిమిషాల్లో తాళం తీసుకుని వెళ్లిపోయారు. అప్పుడడిగాడు, "మీరిద్దరూ భార్యాభర్తలని ప్రూఫ్ ఏమైనా ఉందా సార్?" పద్దెనిమిదేళ్ల కూతురు పక్కన నిలబడి ఉంది.

మా ఆవిడ మాట్లాడకుండా ఫోల్డర్ తెరిచింది. అతను ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఉర్దూలో ఉంది సార్" అన్నాడు. నేను చదివి తెలుగులో చెప్పాను. పేర్లు, తేదీ, గవాహులు. మెహర్ ఎంతో కూడా చెప్పాను. అతను అడగలేదు, నా నోరు ఆగలేదు. అంతా విని, "తెలుగు చాలా బాగా మాట్లాడుతున్నారు సార్" అన్నాడు. చదువుకున్నది ఉర్దూ మీడియం బడిలో అయినా డిగ్రీ తెలుగులో చేశాను, ఇరవై ఏళ్లుగా తెలుగు రాసే బతుకుతున్నాను. అవేవీ చెప్పలేదు. తాళం తీసుకుని "థాంక్యూ బాబూ" అన్నాను, రెండుసార్లు.

లిఫ్టులో బేటీ అడిగింది: "అబ్బా, డబ్బులు మనమే కట్టాం కదా. ఆయనకు థాంక్యూ ఎందుకు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా వెతికాను. ఆ కుర్రాణ్ణి జాలిమ్ అననూ లేను. వచ్చినవాళ్ల వివరాలు రాసుకోవడం అతని డ్యూటీ. 1867 నాటి సరాయిల చట్టం నుంచీ అదే పద్ధతి, బస చేసినవాళ్ల లెక్క అధికారి అడిగితే సరాయి యజమాని చెప్పాల్సిందే. రిజిస్టరుతో నాకు పేచీ లేదు. పక్క కుటుంబాన్ని అడగని ప్రశ్న మమ్మల్ని అడిగారు, పేచీ అక్కడ. పెళ్లి కాగితం లేనిదే గది ఇవ్వకూడదని ఏ చట్టమూ లేదు. పెళ్లికాని జంట హోటల్ గదిలో ఉండటాన్ని ఆపే చట్టమే లేదని మద్రాసు హైకోర్టు 2019లో చెప్పింది. మజహబ్ పేరుతో ఎవరినీ హోటల్లోకి రాకుండా ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో హోటల్ అన్న మాటతో సహా రాసి ఉంది. ఇవన్నీ నాకు తెలుసు, వీటి మీద వార్తలు కూడా రాశాను. కౌంటర్ ముందు ఒక్కటీ నోటికి రాలేదు.

మన ఖౌమ్‌లో చాలామందికి ఇదే ఆదత్ అయింది. శక్ ఎదుటివాడి మనసులో పుట్టకముందే మనం సఫాయీ ఇవ్వడం మొదలుపెడతాం. హోటల్ వెతికేటప్పుడు గది కన్నా ముందు మొహల్లా చూస్తాం. మాంసం హలాలేనా అని అడగడానికి మొహమాటపడి "మేం వెజ్" అంటాం. ఖిబ్లా ఎటో అడగలేక ఫోన్లో వెతుక్కుంటాం. దీన్ని షరాఫత్ అనుకుని పిల్లలకు నేర్పిస్తున్నాం. భయానికి షరాఫత్ అని పేరు పెడితే పిల్లలు నమ్మరు, లిఫ్టులో అడిగేస్తారు.

అడిగితే ఏమవుతుందో ఆ రాత్రే చూశాను. ఇషా వేళకు మంచినీళ్లు తెచ్చిన రూమ్ బాయ్‌ని పడమర ఎటని అడిగాను. కిటికీ పరదా జరిపి, "ఆ వాటర్ ట్యాంకు వెనకాల సార్, పొద్దు అక్కడే కుంకుతుంది" అన్నాడు. ఇక్కణ్ణుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరం, నాకది చాలు. ఐదు నిమిషాల్లో మళ్లీ తలుపు కొట్టాడు. చేతిలో ఉతికిన తెల్ల దుప్పటి. "కింద పరుచుకోండి సార్, పోయిన వారం ఒక పెద్దాయన కూడా అడిగారు." దాని మీదే ఖస్ర్ చదువుకున్నాం. మలేషియా హోటళ్లలో గది కప్పు మీద ఖిబ్లా బాణం గుర్తు అంటించి ఉంటుంది. ఇక్కడ ఆ పని ఆ అబ్బాయి చేశాడు.

మెహమాన్‌కూ ఆదాబ్ ఉన్నాయి, అదీ చెప్పుకోవాలి. వుజూ చేసి బాత్‌రూమ్ నుంచి మంచం దాకా నీళ్లు చేయడం, బిర్యానీ బొమికలు కిటికీ గట్టు మీద వదిలేయడం, అర్ధరాత్రి వరండాలో పెళ్లివారి కబుర్లు, ఇవన్నీ మన ఇళ్లలో వాళ్లే చేస్తారు. తర్వాత ఊడ్చేది ఆ దుప్పటి తెచ్చినలాంటి అబ్బాయే. వెళ్లేముందు మా ఆవిడ బాత్‌రూమ్ నేల తుడిచింది. భయంతో కాదు, ఇంట్లోనూ అంతే.

తిరుగు బస్సులో హోటల్ వాళ్ల మెసేజ్ వచ్చింది, మా బస ఎలా ఉందో చెప్పమని. ఫోన్ బేటీకిచ్చాను. రూమ్ బాయ్ గురించి రాసింది, కానీ పేరు అడగలేదని నా మీద కోప్పడింది. తర్వాత ఇంకో వాక్యం రాసింది: "పక్కవాళ్లను అడగనిది మమ్మల్నీ అడగొద్దు." పంపనా అని నా వైపు చూసింది. పంపమన్నాను.

ఫోల్డర్ ఇప్పుడు అల్మారాలో ఉంది. అందులోంచి నికాహ్‌నామా తీసేయమని మా ఆవిడకు చెప్పాను. "దేఖేంగే" అంది.