కావడి మోసే భుజాలకు ఊరట ఏది?

అంధులైన తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఆ కథలో అందరూ పుత్రధర్మాన్నే చూస్తారు. అందులో మరో సత్యమూ ఉంది. నీళ్లకు వెళ్లిన కుమారుడు బాణం తగిలి నేలకొరిగిన తరువాత ఆ వృద్ధ దంపతులూ బతకలేదు. సేవ చేసేవారు కూలిపోతే సేవ పొందేవారికీ దిక్కు ఉండదన్న ఈ సత్యాన్ని మన పాలకులు నేటికీ పూర్తిగా గ్రహించకపోవడం విచారకరం.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10 కోట్లు దాటారు. డిమెన్షియా బాధితులైన వృద్ధులు సుమారు 88 లక్షల మంది ఉంటారని 2023లో వెలువడిన ఒక జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. పక్షవాతం, కేన్సర్, మానసిక వ్యాధుల పీడితులు వీరికి అదనం. ఆస్పత్రి చికిత్స ముగించి, మందుల చీటీ చేతికిచ్చి పంపుతుంది. రోగిని ఒత్తిగిలించడం, పడక పుండ్లు పడకుండా చూడటం, గొట్టం ద్వారా ఆహారం అందించడం, రాత్రివేళ లేచి తిరిగేవారిని కనిపెట్టుకుని ఉండటం ఇంటివారి వంతు. అవి ఎలా చేయాలో వారికి నేర్పే నాథుడుండడు.

ఈ భారం ప్రధానంగా పడుతున్నది స్త్రీలపైనే. కేంద్ర ప్రభుత్వ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం కుటుంబ సభ్యుల సంరక్షణలో పాల్గొంటుండగా, పురుషులలో అది 21.4 శాతమే. పసిపిల్లల పెంపకం కూడా కలిసిన ఈ పనికి అలాంటి స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

నిద్రలేమి, ఖర్చుల దిగులు, ఏ క్షణాన ఏమవుతుందోనన్న భయం సంరక్షకులను లోలోపల దహించివేస్తాయి. విసుగుతో ఒక మాట తూలడం, ఆపై అపరాధ భావంతో కుమిలిపోవడం ఎన్నో ఇళ్లలో నిత్యకృత్యం. మంచంపై ఉన్నవారి వేదన మరొక తీరు. రాత్రి కోడలిని లేపవలసి వస్తుందని సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేసే వృద్ధులున్నారు. నొప్పిని దాచుకునేవారున్నారు. దాచిన నొప్పి ముదిరితే ఇంటివారి భారం మరింత పెరుగుతుంది. ఒకరి ఆందోళన మరొకరి ఆందోళనకు ఆజ్యం పోస్తుంది.

తల్లిదండ్రులను వదిలివేసిన సంతానానికి 3 నెలల జైలు లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించేందుకు 2007 నాటి చట్టం వీలు కల్పించింది. అది అవసరమే. కాని వదిలివేయకుండా మోస్తున్నవారి సంగతేమిటి? అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యాన్ని 2016 చట్టం ప్రస్తావించింది. వృద్ధుల సంరక్షకులకు ఆపాటి గుర్తింపు కూడా కరవైంది.

కన్నవారికి సేవ చేయడం ధర్మమేనని, దానికి ప్రభుత్వ సాయమెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ధర్మం పాటించేవారికి విశ్రాంతి అక్కరలేదని ఏ ధర్మమూ చెప్పలేదు. 1993లో కోళికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మొదలైన ఉపశమన చికిత్సను కేరళ 2008లో ప్రభుత్వ విధానంగా స్వీకరించింది. స్థానిక సంస్థల సాయంతో నర్సులు రోగుల ఇళ్లకే వెళ్తున్నారు. మంచం పట్టినవారి సంరక్షకులకు నెలకు 600 రూపాయల సాయం కూడా అక్కడ రూపొందింది. మొత్తం స్వల్పమే అయినా, అది ఒక గుర్తింపు.

2010-11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం జిల్లా ఆస్పత్రుల్లో 10 పడకల వార్డులను ఉద్దేశించింది. సంరక్షకులు కొద్ది రోజులు సేదదీరేలా వాటిలో కొన్ని పడకలు కేటాయించాలి. రోగిని ఇంటికి పంపే ముందే ఇంటివారికి శిక్షణ ఇవ్వాలి. ఉద్యోగులకు వృద్ధుల సేవకై ప్రత్యేక సెలవు కల్పించాలి. కావడిని కాపాడదలచినవారు మొదట భుజాన్ని కాపాడాలి.