గురి వున్నది, తుపాకి ఏది?

పార్లమెంటు సమావేశాలు లేని రోజులలో ఢిల్లీ విలేఖరికి తీరిక ఎక్కువ, వార్త తక్కువ. అట్టి ఒక వారాన బంధువుల ఇంట పెళ్ళికని రాయపూరు వెళ్ళి, ఇంటివారి ఆజ్ఞమేరకు చీరల బేరానికి పండరీ బట్టల బజారులో అడుగుపెట్టాను. విజయనగరం రైలుమార్గం పుణ్యమా అని ఉత్తరాంధ్రులు ఆ ఊరికి కొత్తవారు కారు. నేను వెళ్ళిన దుకాణం యజమాని తండ్రి, బొబ్బిలి ప్రాంతం నుంచి కలప వ్యాపారానికి వెళ్ళి అక్కడే నిలిచిపోయిన పెద్దమనిషి. వయస్సు ఎనభై దాటినది. చీరలు చూపుతున్న మనుమరాలికి ఇరవై రెండేళ్ళు. నేను చట్టసభల వార్తలు వ్రాసేవాడినని తెలియగానే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు చీరలతో సంబంధం లేదు.

"మావయ్యగారూ, ఏ రైఫిల్ తీసుకోమంటారు?"

ఆమె 50 మీటర్ల రైఫిల్ పోటీలలో పాల్గొంటున్నది. కళ్ళ ఎదుట మూడు దారులు. తాతగారు 1968లో కొన్న చెకోస్లొవేకియా బ్రనో .22, మోడల్ 2 అనేది ఒకటి. పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారపు .22 స్పోర్టింగ్ రైఫిల్ మరొకటి. జర్మనీలోని ఊల్మ్ నగరం నుంచి వచ్చే ఆన్‌షుట్జ్ మ్యాచ్ రైఫిల్ మూడవది. మూడూ కర్మాగారంలో తయారైనవే. మూడింటిలోను గుండు వేసిన ప్రతిసారి చేతితో బోల్టు వెనుకకు లాగి ముందుకు త్రోయవలసిందే. అయినా బండెద్దుకు, పందెపు గుర్రానికి వున్నంత భేదం వాటి నడుమ వున్నది.

కాలేజీ రోజులలో ఎన్.సి.సి. వారి .22 రైఫిల్‌తో నాలుగు గుండ్లు కాల్చిన అనుభవమే నాది. కాని ఈ క్రీడను చాలకాలంగా గమనిస్తున్నాను. 50 మీటర్ల లక్ష్యంలో పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే చిటికెనవేలి గోరంత. గుండు మందం 5.6 మిల్లీమీటర్లు. మోకాలిపై కూర్చొని, బోర్లా పడుకొని, నిలబడి, ఒక్కొక్క భంగిమలో ఇరవై చొప్పున అరవై గుండ్లు ఆ గోటిమీద వేయాలి.

బ్రనో మోడల్ 2 కుందేటి వేటకు పుట్టిన తుపాకి. మూడు కిలోలకు లోపు బరువు, సన్నని కర్ర, తెరిచిన సైటు, అయిదు తూటాల మ్యాగజైను. దాని గొట్టం మాత్రం పనితనం కలది. మంచి తూటా దొరికితే 50 మీటర్లలో అయిదు గుండ్లను రూపాయి బిళ్ళంత చోట ఇముడ్చుతుంది. ఇషాపూర్ .22 కూడ అదే జాతి. చేతిలో బ్రనో వుండగా దానికోసం డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఇషాపూర్ పేరు చెప్పగానే మనవారికి జ్ఞాపకం వచ్చేది .315 రైఫిల్. దాని కథ చెప్పదగినది. సైన్యం వాడే .303 తూటా భారతీయుల చేతికి చిక్కరాదని తెల్లదొరలు నిషేధించారు. అందుచేత లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికే వేరొక తూటా అమర్చి .315ను బజారులో పెట్టారు. ఆ కొలతను నిర్ణయించినది గురి కాదు, ప్రభువుల భయం. ప్రభువులు వెళ్ళిపోయి ముప్పావు శతాబ్దం దాటినది. తూటా మాత్రం వున్నది.

ఇక ఆన్‌షుట్జ్. 1856లో మొదలైన సంస్థ అది. దాని మ్యాచ్ రైఫిల్ ఒక్కొక్క తూటానే మింగుతుంది. గొట్టం బరువు. ట్రిగ్గర్‌కు కావలసిన ఒత్తిడి గ్రాములలో కొలిచేది. అన్నింటికంటె ముఖ్యం, భుజానికి ఆనే మడమ, చెంపకు ఆనే దిమ్మ ఎవరి శరీరానికి తగినట్లు వారు జరుపుకొనవచ్చు. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ వారివీ ఇటువంటివే. ఈ మూడింటిలో ఏది గొప్పదని వాదించుకొనేవారికి నాదొక మనవి. మంచి గొట్టానికీ మరొక మంచి గొట్టానికీ వుండే తేడా, ఒంటికి ఒదగని కర్ర చేసే నష్టంలో పదోవంతు వుండదు. కొలత కుదరని చెప్పుతో పరుగుపందెం గెలిచినవారుంటే చెప్పండి.

తరువాతి మాట తూటాది. .22 పోటీ తూటాను కావాలనే ధ్వనివేగానికి కాస్త తక్కువగా, సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో పోయేటట్లు చేస్తారు. ధ్వనివేగాన్ని దాటిన గుండు దారిలో మరల దాని క్రిందికి దిగేటప్పుడు తొట్రుపడుతుంది. ఇంగ్లండులోని ఎలీ, జర్మనీలోని ఆర్.డబ్ల్యు.ఎస్. వంటి కంపెనీల తూటా ఒకే పేరుతో వచ్చినా, ఒక విడత ఒక గొట్టానికి నచ్చుతుంది, మరొక విడత నచ్చదు. అందువల్ల అనుభవజ్ఞులు రైఫిల్‌ను బిగించి విడతవిడతా కాల్చి చూచి, నచ్చిన విడతనే మూటగట్టి తెచ్చుకుంటారు. పెట్టె ధర చూచి ఏది దొరికితే అది కొనే వారికి ఆన్‌షుట్జ్ యిచ్చినా వృథాయే.

ఇంతవరకు చెప్పి, "ఎంచుకొనే స్వేచ్ఛ వుంటే మూడవదే అమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వినది. స్వేచ్ఛ ఎంతవున్నదో ఆమెకు నాకంటె బాగా తెలుసును.

చట్టం చేసినవారికి ఈ క్రీడపై కోపమేమీ లేదు. 1959 ఆయుధ చట్టం మూడవ సెక్షన్‌లోనే, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధనకు వాడే .22 రైఫిల్‌ను, ఎయిర్ రైఫిల్‌ను ఆయుధాల సంఖ్యపై పరిమితినుంచి పేరుపెట్టి మినహాయించారు. 2019 డిసెంబరులో ఆ పరిమితిని మూడునుంచి ఒకటికి తగ్గించాలని బిల్లు తెచ్చి, చివరకు రెండువద్ద ఆగారు. క్రీడాకారుల జోలికి పోలేదు. 2020 ఫిబ్రవరిలో అంతర్జాతీయ పతక విజేతలకు, పేరుగన్న గురికాండ్రకు అదనంగా వుంచుకొనదగిన ఆయుధాలను ఏడునుంచి పన్నెండుకు పెంచారు. ఎదుగుతున్నవారికి ఒకటికి బదులు రెండు అన్నారు. వినడానికి ఉదారమే!

అయితే ఆ రెండూ ఎక్కడినుంచి రావాలి? 1980ల నడుమనుంచి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి మూతపడినది. ఆ వాకిలి ప్రధానంగా పేరుగన్న గురికాండ్రకే తెరుస్తారు. ఆ పేరు రావాలంటే జాతీయ పోటీలో నిర్ణీతమైన మార్కు అందుకోవాలి. ఆ మార్కు అందుకోవడానికి మ్యాచ్ రైఫిల్ కావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. ఈ మెలికలో చిక్కినది పండరీ అమ్మాయి ఒక్కతే కాదు.

2024 ఆగస్టు 1న పారిస్‌లో స్వప్నిల్ కుసాలే ఈ 50 మీటర్ల మూడు భంగిమల పోటీలోనే కాంస్యం తెచ్చాడు. ఈ పోటీలో మనకదే తొలి ఒలింపిక్ పతకం. కొల్హాపూరు జిల్లా పల్లెవాడు, అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు. 2012 లండన్ కాంస్య విజేత గగన్ నారంగ్ మన హైదరాబాదులో పెరిగినవాడే. అయితే అతనిది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 20 జౌళ్ళ శక్తికి మించని .177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. మన పిల్లలు ఎయిర్ రైఫిల్ వైపు ఎగబడి, .22 దగ్గరకు వచ్చేసరికి పలుచబడడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం.

తయారుచేసే చేతులు దేశంలో లేవా అంటే, వున్నవి. బెంగుళూరు ప్రైవేటు సంస్థ ఒకటి .338 బోరు స్నైపర్ రైఫిల్‌ను విదేశానికి ఎగుమతి చేసే స్థాయికి వచ్చినది. ఇషాపూర్ కర్మాగారం 2021 అక్టోబరు నుంచి కాన్పూరు కేంద్రంగా గల ప్రభుత్వ కంపెనీ క్రింద వున్నది. మైలు దూరాన మనిషిని గురిచూచే గొట్టం చేయగలిగిన దేశం, 50 మీటర్లలో కాగితాన్ని గురిచూచే గొట్టం చేయలేదంటే నేను నమ్మను. అవసరమని ఎవరూ అడుగలేదు, అంతే.

అది జరిగేలోగా చేయదగిన పని ఒకటున్నది. మ్యాచ్ రైఫిల్ వ్యక్తి ఆస్తి కానక్కరలేదు. ప్రతి రాష్ట్ర రాజధానిలోను గుర్తింపు పొందిన రేంజిలో, పొట్టివారికీ పొడుగువారికీ సరిపడేటట్లు మడమ జరుపుకొనే రైఫిళ్ళు పదో పన్నెండో ప్రభుత్వమే కొని, తాళం వేసి, సాధన వేళ ఇవ్వవచ్చు. ఆయుధం క్లబ్బు గడప దాటదు గనుక హోంశాఖవారి నిద్రకు భంగం లేదు. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడలకు కట్టిన తుగ్లకాబాద్ రేంజి చుట్టుపక్కల పుట్టడం ఒక అర్హత కాకూడదు గదా.

ఆ అమ్మాయికి మాత్రం చెప్పినది వేరు. "ప్రస్తుతానికి బ్రనో వదలకు. కర్రకు చెంపదిమ్మ అమర్పించు, రంధ్రపు సైటు వేయించు. ఒకే విడత తూటాలు కొని పడుకొని కాల్చే భంగిమలో స్థిరపడు" అన్నాను. లైసెన్సు సంగతీ వచ్చినది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, ఆయుధం ఇరవై అయిదేళ్ళు దగ్గర వున్నా, వారసులకు బదిలీ కోరవచ్చును. పెద్దాయనకు రెండు అర్హతలూ ఎప్పుడో దాటినవి.

ఆయన అంతసేపూ విన్నాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చిన తరువాత ఆ తుపాకిని ఏటా నూనెగుడ్డతో తుడవడం తప్ప మరొక పనికి తీయలేదట.

"అయితే బాబూ, పుస్తకంలో నా పేరు కొట్టేస్తారా?" అని అడిగాడు.

అవునన్నాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మనుమరాలివైపు తిరిగి, "ఆధార్ కార్డు ఎక్కడ పెట్టావో వెదుకు" అని చెప్పి, నా చీరలకు బిల్లు వ్రాయడం మొదలుపెట్టాడు.