గంప మోసేవాళ్ళు మత్స్యకారులు కారా?

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు ఉండరు. ఎవరి పుస్తెలు, ఎవరు అమ్మాలి, ఎవరు తినాలి అని మాత్రం ఎవరూ అడగరు. చేపను రేవు నుంచి ఊళ్ళోకి మోసుకొచ్చేది ఆడది, కడిగి, కోసి, పులుసు పెట్టేది ఆడది. చివరికి అమ్ముడుపోవలసిన పుస్తెలు కూడా ఆమెవే.

అయితే నేను రాయదలచుకున్నది పులస గురించి కాదు. వరదనీరు ఎర్రబడగానే పత్రికలు దానికి కావలసినంత చోటు ఇస్తాయి. అదే గోదావరి పాయల్లో దొరికే పండుగప్ప గురించి, ఆ పాయల మీద బతికే స్త్రీల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

పండుగప్పను ఇంగ్లీషువాళ్ళు సీబాస్ అంటారు. పులస సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. పండుగప్ప దానికి తలకిందులు. మంచినీళ్ళలో, పాయల్లో పెరిగి గుడ్ల కోసం ఉప్పునీటి మొగ వైపు దిగుతుంది. ఇంకో విచిత్రం, ఇది మొదట మగచేపగా ఎదిగి కొన్నేళ్ళకు ఆడచేపగా మారుతుంది. ఈ సంగతి ఒక సమావేశంలో చెబితే, నలభై ఏళ్ళుగా గంప మోస్తున్న ఒక పెద్దమ్మ, "అయితే బుద్ధొచ్చాక మారుతుందన్నమాటండీ" అంది. చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వు అలా ఉంచితే, బాగా పెద్ద పండుగప్పలు చాలావరకు ఆడవే కాబట్టి పెద్దవాటినే ఏరి పట్టుకుంటూ పోతే నదిలో తల్లులు మిగలవు. 1997లో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ ఈ చేప చేత తొట్టెల్లో గుడ్లు పెట్టించింది. అది చెరువులున్నవాళ్ళకు పనికొచ్చింది. నదినే నమ్ముకున్నవాళ్ళకు అందులో ఒరిగిందేమీ లేదు.

ఇక వేట సంగతి. పండుగప్ప రొయ్యల్నీ చిన్న చేపల్నీ తిని బతికేది కనుక గాలానికి బతికున్న ఎర కావాలి. మేము తిరిగే ఊళ్ళలో ఆ రొయ్యల్ని మోకాలి లోతు బురదలో చేతులతో తడిమి పట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. కొన్ని కుటుంబాల్లో మగవాడు వల విసురుతుంటే దోనె నడిపేది భార్యే. వల బాగు చేయడం, చేప ఎండబెట్టడం, ఉప్పు పట్టించడం, తలుపు తలుపుకీ తిరిగి అమ్మడం సరేసరి. ఇదంతా చేసిన మనిషికి సర్కారు కాగితాల్లో వృత్తి ఏమని రాస్తారు? గృహిణి.

నా అభ్యంతరం ఒక్క పేరుతోనే కాదు. చేప ఖరీదు పెరిగేకొద్దీ అది ఆడవాళ్ళ చేతుల్లోంచి జారిపోతోంది. ఒకప్పుడు పండుగప్ప పడితే ముక్కలు చేసి గంపలో పెట్టుకుని ఆమే అమ్మేది. వచ్చిన డబ్బు ముందు ఆమె కొంగున పడేది, బియ్యానికీ పిల్లల ఫీజుకీ పోగా మిగిలింది మగవాడికి. ఇప్పుడు వలకూ ఇంజనుకూ పెట్టుబడి పెట్టిన షావుకారు రేవులోనే కాచుకుని ఉంటాడు. పెద్ద చేప అక్కడే ఐసుపెట్టె ఎక్కి పట్నానికి పోతుంది. డబ్బు మగవాడి జేబులోకి వెళుతుంది, అక్కణ్ణుంచి ఎక్కడికి వెళుతుందో 1992లో సారాకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె గంపకు మిగిలేది చిన్నాచితకా చేపలు.

మత్స్యకార సహకార సంఘాల తీరు చూడండి. సభ్యత్వం కావాలంటే వల విసరడం, ఈత లాంటివి వచ్చో రావో చూస్తారు. చేపను చెడిపోకుండా అమ్ముకురావడం వీళ్ళ లెక్కలో నైపుణ్యమే కాదు. స్త్రీల సంఘాలు అక్కడక్కడా లేకపోలేదు. చెరువు మీద, రేవు మీద వాటి మాట ఎంతవరకు చెల్లుతోందో అడిగి చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలైంది. మంచిదే. కానీ అది పడవ మీద వేటకు వెళ్ళేవారికి. వేట లేకపోతే గంప కూడా ఖాళీయే కదా! 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ అన్నారు, ఇతరులకు 40. అయితే మిగతా 40 శాతం, పెట్టుబడికి హామీ ఎవరి దగ్గర ఉంటాయి? సంతకం ఆమెది, చెరువు వేరొకరిది అయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

స్వచ్ఛంద సంస్థల మిత్రులతో నాకొక పేచీ ఉంది. మత్స్యకార స్త్రీ అనగానే కుట్టుమిషను, ఊరగాయల శిక్షణ గుర్తుకొస్తాయి. ఆమెకు ఒక వృత్తి ఉంది, తరాల నాటిది. దాన్ని వదులుకోమని చెప్పడం తేలిక. రేవులో నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి, ఐసు, సంతలో కూర్చోవడానికి చోటు, బస్సులో గంపకు అనుమతి సాధించడమే కష్టం. చేప పట్టిన తరువాత జరిగే పని కూడా మత్స్యవృత్తిలో భాగమేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. వాటిని తెలుగులో చదివి వినిపించే పనైనా మనం పెట్టుకోవచ్చు. గుర్తింపు కార్డు, సంఘంలో ఓటు, నిషేధకాలపు భృతి, ఈ మూడూ అమ్మే స్త్రీకీ ఎండబెట్టే స్త్రీకీ తన పేరునే రావాలి. భర్త పేరు పక్కన కాదు.

సభ్యత్వానికి పరీక్ష పెట్టాలంటే పెట్టనివ్వండి, మా రేవులో చాలామంది ఆడవాళ్ళకు ఈత వచ్చు. కాకపోతే మా పెద్దమ్మ ఇంకో పరీక్ష కూడా పెట్టించమంటోంది. సంఘం పెద్దలంతా నిండు గంప నెత్తినెత్తుకుని, ఎండలో నాలుగు ఊళ్ళు తిరిగి, ఐసు కరిగేలోగా అంతా అమ్మి, డబ్బుతో సహా ఇంటికి రావాలట.