ఇంటింటి ఇంజనీరింగ్: గీజరు కారుతున్నదా?

రాయపూర్ దేవేంద్ర నగర్‌లోని మన కుటుంబాలకు చలికాలం రాగానే గీజరుతో పని పడుతుంది. అది కారుతుంటే ముందుగా కరెంటు ఆపి, నీరు ఎక్కడి నుండి వస్తున్నదో గమనించవలసిందిగా మా మనవి.

పైపు అతుకు వద్దనయితే నీరు కట్టివేసి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే చాలు. నీరు కాగేటప్పుడు మాత్రమే సేఫ్టీ వాల్వు నుండి చుక్కలు పడితే అది లోపం కాదు. 25 లీటర్ల నీరు 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాగితే సుమారు మూడోవంతు లీటరు వ్యాకోచిస్తుంది. ఆ నీటికి అదే దారి. ఆ దారిని ఎన్నడూ మూయరాదు. టాంకు పేలే ప్రమాదమున్నది. ఎడతెగక కారుతుంటే వాల్వు మార్పించాలి.

టాంకు అడుగు నుండి తుప్పునీరు వస్తే చిల్లు పడినట్లే. గీజరు మార్చక తప్పదు. తుప్పును తాను భరించి టాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీని ఏటేటా పరీక్ష చేయిస్తే ఆ ఖర్చు చాలాకాలం దూరమవుతుందని మేము భావిస్తున్నాము.