నడకను గచ్చు మీద కొలుస్తరా?

మొన్న వికలాంగుల క్యాంపుకు మా వాడ నుంచి ఒక అక్కను తోలుకపోయినం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడ్డది. నాట్లకు, కలుపుకు పోయి బతికే మనిషి. పొద్దున తొమ్మిదింటికి పోతే పగలు మూడింటికి పేరు పిలిచిండ్రు. "నడువమ్మా" అన్నరు. గచ్చు మీద పది అడుగులు నడిచింది. "మంచిగనే నడుస్తున్నవు గదా" అన్నరు. కాగితం మీద 40 శాతానికి తక్కువ పడ్డది. 40 లేకుంటే పింఛన్ లేదు. తెలంగాణలో ఆ పింఛన్ 2023 జూలైలో నెలకు 4,016 రూపాయలైంది. పది అడుగుల్లో అది చేజారింది.

ఆ అక్క నడకను ఏనాడన్నా పట్టి చూసిండ్రా? ఎడమ కాలు మోపినప్పుడల్లా చెయ్యితో తొడను అదుముతది. తొడ కండకు బలం లేదు. అదమకపోతే మోకాలు ముడుచుకుని మనిషి కూలబడ్తది. అంటే ఆమె చెయ్యి కాలి పని చేస్తున్నది. ఒట్టి చేతులతో గచ్చు మీద నడిపిస్తే నడుస్తది. నిజాంసాగర్ కాలువ కింది మడిలో, బురదలో, చేతిల నారుకట్ట ఉన్నప్పుడు ఎట్ల నడవాలె? కూలి మనిషికి చేతులే ఆస్తి. అందులో ఒకటి కాలుకే పోయింది. కుర్చీల కూసుండి రాసుకునే మా పంతుళ్ల నౌకరీకి ఆ కాలు పెద్ద అడ్డం కాదు. ఆమె కూలికి అడ్డమే.

ఇంకో ముచ్చట. ఆ రోజు అక్క రోజటికన్న మంచిగ నడిచింది. సారు చూస్తుండంగ కొంగు సర్దుకుని, పళ్లు బిగబట్టి నడిచింది. ఎందుకక్కా అంటే "పెద్ద సారు ముందట వంకర నడిస్తే ఏమనుకుంటడు" అన్నది. దొర ముందట నొప్పి అంటే పనిదొంగ అనేటోళ్లు. ఆ భయంల పెరిగిన ఒళ్లు మనది. నొప్పి చూపితే నాటకమంటరు, దాస్తే శాతం పోతది.

మరి రూలు ఏమంటున్నది? కొలిచే పద్ధతిని కేంద్రం 2018 జనవరి 4న ప్రకటించింది, 2024 మార్చిలో సవరించింది. కాలి సంగతికొస్తే కీళ్లు ఎంత వంగుతున్నయి, కండకు ఎంత బలమున్నది అనేది ఒక లెక్క. నిలకడ ఇంకో లెక్క. నిలకడకు తొమ్మిది పరీక్షలు, ఒక్కోదానికి పది. సాపు నేల మీద నడవడం అందులో ఒక్కటే! ఏటవాలు ఎక్కాలె, మెట్లెక్కాలె, రెండు కాళ్ల మీద, బలంలేని ఒక్క కాలు మీద నిలబడాలె, గొంతు కూసోవాలె, బాసింపట్టు వేయాలె, మోకాళ్ల మీద కూసోవాలె, మర్లాలె. మా అక్కతో చేయించింది మొదటిది మాత్రమే. మిగిలిన ఎనిమిది ఎవరు మింగిండ్రు? రూలుల మన బతుకు కొంత ఉన్నది. క్యాంపులనే అది మాయమైతున్నది.

2024 అక్టోబర్ 15న సుప్రీంకోర్టు ఓంకార్ గోండ్ కేసులో, ఒట్టి శాతం చూసి డాక్టరీ చదువుకు అనర్హుడనొద్దు, మనిషి చేయగలడా లేదా చూడమన్నది. అది సీటు ముచ్చట, పింఛన్ ముచ్చట కాదు. అయినా ఆ మాట మన చేన్లకు ఎందుకు రాకూడదు?

పేర్లకైతే కొదువ లేదు. మనల్ని హరిజనులన్నరు, వికలాంగులను దివ్యాంగులంటున్నరు. సదరం పోయి యూడీఐడీ అంటున్నరు. పింఛన్ మాత్రం ఎవరూ ఊరికె పెంచలేదు. మంద కృష్ణ మాదిగ 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితి పెట్టినంక రోడ్డెక్కినోళ్లు ఎందరో. 500 ఉన్నది 2014లో 1,500 అయింది.

బాన్సువాడ, బీర్కూర్, నస్రుల్లాబాద్ దిక్కు సంఘం పిల్లలకు ఒక మాట. క్యాంపుకు ఎవరినీ ఒంటరిగ పంపొద్దు. ఏ పని చేయగలరు, ఏది చేయలేరు, ఎన్నిసార్లు పడ్డరు, ముందే ఒక కాగితం మీద రాయండి. తొమ్మిది పరీక్షలూ చేయమని మర్యాదగ, గట్టిగ అడగండి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగ ఇవ్వాలె, నోటిమాట చెల్లదు. ఆ కాగితం పట్టుకుని 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేయొచ్చు. మా అక్క అప్పీలు రాస్తున్నం. వేలిముద్ర వేయనన్నది, సంతకం నేర్చుకుంటున్నది.