దర్జాగా తిందాం... జేబు చూసుకునే తిందాం!

మన సినిమాల్లో హోటల్ సీను ఒకటి గుర్తు తెచ్చుకోండి. హీరో, హీరోయిన్ ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో పూలగుత్తి. బేరర్ వొంగి మరీ మెనూ కార్డు అందిస్తాడు. హీరోగారు దాన్ని తెరవకుండానే నాలుగు పేర్లు గడగడా చెప్పేస్తాడు. డ్యూయెట్ మొదలవుతుంది, డ్యూయెట్ అయిపోతుంది... బిల్లు మాత్రం ఏ దర్శకుడూ చూపించడు! కామెడీ సీనయితే తప్ప. అప్పుడు జేబు ఖాళీగా వచ్చిన పెద్దమనిషి హోటల్ వెనకాల పిండి రుబ్బుతూ కనిపిస్తాడు.

మన జీవితాల్లో కథ మొదలయ్యేదే ఆ బిల్లు దగ్గర.

రెండ్రోజులు సెలవు దొరికింది. అమ్మని తీసుకునో, కొత్తగా పెళ్ళయిన జంటగానో, నలుగురు స్నేహితులు కలిసో ఓ పెద్ద వూరు వెళ్ళారు. ఒక్కపూటైనా కాస్త మంచి చోట తినాలని సరదా. అద్దాల తలుపు, దాని ముందు తలపాగా దర్వాను కనబడగానే కాళ్ళు ఆగిపోతాయి. ధైర్యం చేసి లోపలికెళ్ళారనుకోండి, మెనూ కార్డుని కుడివైపు నుంచి చదవడం మొదలు! ఆ అంకెలు చూసిన అమ్మ, "నాకు ఆకలిగా లేదురా, ఒక ఇడ్లీ చాలు" అంటుంది. పొద్దుట్నుంచీ ఏమీ తినని మనిషి! ఆ పూట అది ఎంత గొప్ప హోటలైతేనేం, అందులో దర్జా ఏముంది చెప్పండి? మనతో వచ్చినవాళ్ళు ఆకలి గురించి అబద్ధమాడే అవసరం లేకుండా తినగలిగిన చోటే దర్జా అయిన చోటు. ఈ వారం మన కబుర్లు దాని గురించే.

ఉదాహరణకి చెన్నై తీసుకుందాం. ఒకప్పుడు తిరుపతి వెళ్ళిన జనం అటునుంచటే బస్సుల్లో మద్రాసు పోయి, బజుల్లా రోడ్డులో ఎన్.టి.ఆర్.గారిని చూసి వచ్చేవారు. తెలుగు తారలందరూ హైదరాబాదు చేరుకున్నా సినిమా అభిమాని చూడాల్సినవి అక్కడింకా వున్నాయి. వడపళనిలో ఎ.వి.ఎం. వారు 2023లో మ్యూజియం తెరిచారు. "మాయాబజార్" (1957) తీసిన విజయా-వాహినీ స్టూడియో కూడా ఆ పేటలోదే. ఆ స్థలంలో ఇప్పుడు ఆస్పత్రీ, షాపింగ్ మాలూ వున్నాయి. సరే, చూడ్డం అయింది. మరి భోజనం?

మొదటి సూత్రం: రెండ్రోజుల్లో అన్ని పూటలూ గొప్పగా తినాలనుకోకండి. ఒక్కపూట పెద్ద హోటల్, మిగతావన్నీ పేరున్న పాత హోటళ్ళు. ఆ ఒక్కపూటకి ఎంత ఖర్చుపెట్టాలో వూళ్ళో రైలెక్కే ముందే అనుకోండి. హోటళ్ళ మెనూ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది గనక ధరలు ముందే చూసుకుంటే అక్కడ మొహాలు చూసుకోనక్కర్లేదు.

రెండో సూత్రం: గొప్ప భోజనం రాత్రి కాదు, మధ్యాహ్నం పెట్టుకోండి. మీల్స్ అనే మహాప్రసాదం చాలాచోట్ల మధ్యాహ్నమే వుంటుంది. ఒకే ధరకి కూర, సాంబారు, రసం, పెరుగు, స్వీటు అన్నీ వచ్చేస్తాయి. రాత్రయితే ప్రతి గిన్నెకీ విడి ధరే. స్టార్ హోటల్లో బఫే తినాలని వున్నా, వారం మధ్యలో మధ్యాహ్నం ధర అడిగి చూడండి. ఆదివారం రేటుకీ దానికీ తేడా మీకే తెలుస్తుంది.

మూడో సూత్రం: హంగు చూసి కాదు, వయసు చూసి ఎంచుకోండి. ఏళ్ళ తరబడి నిలబడిన హోటల్లో ఒక హుందాతనం వుంటుంది, దానికి వేరే చార్జీ వుండదు. వుడ్‌లాండ్స్ సంగతే చూడండి. హోటల్ వంటింట్లో చిన్నచిన్న పనులు చేసి పైకొచ్చిన కె.కృష్ణారావుగారు 1938లో రాయపేటలో మొదలుపెట్టిన పేరది. ఆయన కెథడ్రల్ రోడ్డులో 1962లో పెట్టిన డ్రైవ్-ఇన్ వుడ్‌లాండ్స్‌లో ఒక కాఫీ మీద గంటలకొద్దీ కథాచర్చలు నడిచేవి. అది 2008లో మూతపడి, ఆ స్థలంలో 2010లో సెమ్మొళి పూంగా అనే పార్కు వచ్చింది. రాధాకృష్ణన్ సాలైలోని న్యూ వుడ్‌లాండ్స్ మాత్రం ఆ వంశానిదే. తిరువళ్ళిక్కేణి వైపు వెళితే 1948 నాటి రత్నా కేఫ్. అక్కడ ఇడ్లీ పక్కన సాంబారు గిన్నె పెట్టరు, ఇడ్లీలు మునిగేదాకా సాంబారు పోస్తారు! మాంసాహారులకి మౌంట్ రోడ్డు మీద 1951లో పెట్టిన బుహారీ. చికెన్ 65 తమ హోటల్లోనే 1965లో పుట్టిందని వాళ్ళ మాట.

"అబ్బే, మాకు ఫైవ్‌స్టార్ లోపల ఎలా వుంటుందో చూడాలని వుంది" అంటారా? చూడండి, తప్పేముంది! "బాలనాగమ్మ" (1942) తీసిన ఎస్.ఎస్.వాసన్‌గారి జెమినీ స్టూడియో వుండిన చోటే ఇప్పుడు ది పార్క్ హోటల్ వుంది. అలాంటి చోటికి డిన్నర్‌కి కాదు, సాయంత్రం నాలుగింటికి కాఫీకి వెళ్ళండి. అదే సోఫా, అదే సలాము, బిల్లు మాత్రం చిన్నది. ఉతికిన చొక్కా, పాలిష్ చేసిన బూట్లు చాలు, సూటు అక్కర్లేదు.

ఇక అసలు ఘట్టం, బిల్లు. మామూలు రెస్టారెంట్లో జి.ఎస్.టి. 5 శాతం. బిల్లు మీద రెండున్నర, రెండున్నరగా రెండు వరసల్లో కనిపిస్తుంది. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ళలోని రెస్టారెంట్లలో 18 శాతం. అంటే వెయ్యి రూపాయల తిండికి ఇక్కడ 50 రూపాయల టాక్సయితే అక్కడ 180! ఇది ముందే కలుపుకుని లెక్కవేసుకోండి.

"సర్వీస్ చార్జ్" అని ఇంకో వరస కనబడిందా? అది ప్రభుత్వ టాక్సు కాదు. బిల్లులో దాన్ని తమంత తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకెళ్ళారు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే సబబంది. కాబట్టి "ఇది తీసేయండి" అని నెమ్మదిగా చెప్పండి. గొడవపడనక్కర్లేదు, గొంతు పెంచనక్కర్లేదు. వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వచ్చు.

కార్డులో లేనివి కూడా కొన్ని వుంటాయి. "ఇవాళ స్పెషల్ వుంది సార్" అన్నప్పుడు, చేపకి ధర బదులు "సైజుని బట్టి" అని రాసి వున్నప్పుడు, "ఎంతవుతుంది?" అని అడిగేయండి. అడగడం నామోషీ కాదు. చీరల కొట్లో పది చీరలు తీయించి ధరలు అడిగే మనం హోటల్లో మాత్రం ఎందుకు బిగుసుకుపోవాలి? నిజంగా డబ్బున్నవాళ్ళు నిస్సంకోచంగా అడుగుతారు, గమనించండి. భయపడి నోరు మూసుకునేది మనమే!

తీసేయించిన సర్వీస్ చార్జీలోంచి కొంత, మీకు ప్రేమగా వడ్డించిన మనిషి చేతిలో మీ చేత్తో పెట్టండి. ఎవరూ అడక్కుండా ఇచ్చేది గనక దాని రుచే వేరు.

మీ వూళ్ళోనూ పదిమందిని తీసుకెళ్ళదగ్గ పాత హోటల్ ఒకటి వుండే వుంటుంది. మాకు ఉత్తరం రాయండి. హోటల్ పేరు, వీధి, మీల్స్ ధర మూడూ వుండాలి సుమండీ! ధర రాయని ఉత్తరాన్ని సినిమా హీరో రాశాడనుకుని పక్కన పెట్టేస్తాం.