ఆగగలిగినవాడికే ధర

కాఫీ గింజల రేటు మండిపోతోందంటూ ఆమధ్య హోటళ్లన్నీ వరసపెట్టి బోర్డులు మార్చేశాయి. పదిహేను ఇరవైంది, ఇరవై పాతికైంది. వాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో పౌను అరబికా నాలుగు డాలర్లు దాటి, అంతకు ముందెన్నడూ లేని ధర పలికింది. బ్రెజిల్‌లో మంచుకు తోటలు మాడిపోయిన తర్వాత 1977లో వచ్చిన రికార్డు మూడు డాలర్ల ముప్పై సెంట్ల పైచిలుకు. దాన్ని చెరపడానికి ఇంతకాలం పట్టింది. ఈసారీ కారణం వాతావరణమే. అటు బ్రెజిల్‌లో, ఇటు వియత్నాంలో వానలు మొహం చాటేశాయి.

సరే, పెరిగింది. పండించినవాడి చేతికి ఎంత వచ్చింది? ఎక్కడిదో ఎందుకు, మన అరకు లెక్కే వేద్దాం.

గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, అంతకు ముందు కిలో 280 రూపాయల దరిదాపుల్లో కొంటున్న, పొట్టుతో ఎండబెట్టిన పార్చ్‌మెంట్ కాఫీని 2024-25 సీజన్‌కు 400 దాకా తీసుకెళ్లింది. మన్యంలో అది చిన్న పెంపు కాదు. రెండెకరాల్లో మూడొందల కిలోలు తీసే కుటుంబం అనుకోండి, చేతికొచ్చే మొత్తం 84 వేల నుంచి లక్షా ఇరవై వేలకు వెళ్తుంది. ఆ ముప్పై ఆరు వేలతో ఇంటి మీద రేకులు మారతాయి, పిల్లదాని కాలేజీ ఫీజు కడతారు. ఇప్పుడు ఇదే లెక్కను కప్పు వైపు నుంచి చూడండి. నగరంలో ఏసీ కేఫుల్లో ఒక పెద్ద కప్పుకు వాడే పొడి సుమారు 18 గ్రాములు. వేయిస్తే గింజ బరువు తగ్గుతుంది కాబట్టి అంత పొడికి పచ్చి గింజ 21, 22 గ్రాములు కావాలి. పొట్టు కూడా కలుపుకుంటే పార్చ్‌మెంట్ 27 గ్రాములు. పాత ధరలో దాని విలువ ఏడున్నర రూపాయలు, కొత్త ధరలో పదకొండుకు కాస్త తక్కువ. అంటే రైతు జీవితంలో అంత మార్పు తెచ్చిన పెంపు, కప్పులోకి వచ్చేసరికి మూడు రూపాయల చిల్లర. ఆ కప్పు ఖరీదేమో రెండొందల యాభై.

కేఫువాడు దోచుకుంటున్నాడని నేననను. అద్దె ఉంది, పాలున్నాయి, కరెంటు ఉంది, పనివాళ్ల జీతాలున్నాయి. చెప్పొచ్చేదేమిటంటే, కాఫీ రైతుకు మంచి ధర ఇస్తే తాగేవాడికి భరించలేనంత ఖరీదవుతుందనే వాదనలో పస లేదు. కప్పుకు మరో మూడు రూపాయలు నిజంగా కొండెక్కితే చాలు. అవి ఎక్కవు, దారిలోనే దిగిపోతాయి. ఎందుకు దిగిపోతాయన్నదే అసలు ప్రశ్న.

దీనికి నాకు తోచిన జవాబు ఒక్కటే. కాఫీ వ్యాపారంలో ఆగగలిగినవాడు ధర చెబుతాడు, ఆగలేనివాడు వింటాడు.

ఆగడమంటే ఏమిటో పాడేరు, చింతపల్లి కొండల మీద పంట కోతల వేళ చూస్తే అర్థమవుతుంది. నవంబరు నుంచి సంక్రాంతి దాకా సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల పాదుల మధ్య ఎర్రగా పండిన కాయల్ని ఒక్కొక్కటే ఏరి కోస్తారు. కొమ్మకున్నవన్నీ ఒకేసారి పండవు కాబట్టి ఒకే మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు పోవాలి. కోసిన పండు రాత్రంతా బస్తాలో ఉంటే పులుస్తుంది, వాసన పడుతుంది. అందుకే ఆ రోజే పల్పర్‌లో వేసి తోలు తీయాలి. తర్వాత నానబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, కళ్లంలో వారం పది రోజులు ఎండబెడితే పార్చ్‌మెంట్ అవుతుంది. సరిగ్గా ఎండిన పార్చ్‌మెంట్ నెలల తరబడి నిలవ ఉంటుంది. పండుకు ఒక్క రాత్రి గడువు, పార్చ్‌మెంట్‌కు నెలల గడువు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక పల్పరు, ధారాళంగా నీళ్లు, సిమెంటు కళ్లం, వాన వస్తే కప్పడానికి ఒక టార్పాలిన్. ఇవి ఉన్న రైతు రేపటి ధర చూసుకుని అమ్ముతాడు. లేని రైతు సాయంత్రం లోపల ఎవరొస్తే వాళ్లకి ఇచ్చేస్తాడు.

ఇక అప్పు సంగతి. ఆషాఢం శ్రావణాల్లో ఇంట్లో తిండిగింజలు నిండుకుంటాయి, జ్వరాలూ అప్పుడే. సంతలో షావుకారు బియ్యం ఇస్తాడు, చేబదులు ఇస్తాడు, కాగితం అడగడు. అడిగేదల్లా ఒకటే, కాఫీ తనకే వేయాలి. పంట చెట్టు మీద పచ్చిగా ఉండగానే ధర తెగిపోతుంది. డిసెంబరులో న్యూయార్క్‌లో రేటు రెట్టింపైనా ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు, అతను ఆగస్టులోనే అమ్మేశాడు కదా.

1956లో పుట్టిన జీసీసీ విలువ ఇక్కడే ఉంది. అది కొనేది మొత్తం పంటలో కొంతే, ఎక్కువ సరుకు ఇప్పటికీ ప్రైవేటు వ్యాపారులదే. కానీ సీజనుకు ముందే ధర ప్రకటించడంతో, జీసీసీకి ఒక్క కిలో వేయని రైతు కూడా ‘అక్కడ అంతిస్తున్నారు, నువ్వింతేనా’ అని అడగగలుగుతున్నాడు. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో రైతు సంఘం పండ్లు కొని, తానే శుద్ధి చేసి, 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచేదాకా వెళ్లడం రెండో మెట్టు. చింతపల్లి వైపు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార (మ్యాక్స్) సంఘం ఎకో పల్పింగ్ యూనిట్ నడుపుకోవడం మరొకటి. వీటిలో ఎవరు గొప్పని తగువు పడేవాళ్లున్నారు. రైతుకు ఆ తగువుతో పని లేదు. కొనేవాళ్లు ముగ్గురుంటే చాలు, ముగ్గురూ మర్యాదగా మాట్లాడతారు.

ఇదే కథ ప్రపంచం మొత్తం మీద ఒకప్పుడు పెద్ద ఎత్తున నడిచింది. 1962లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కుదిరింది. ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు కట్టి, ధర పడిపోతే సరుకు బిగబట్టి, పెరిగితే వదిలేవారు. చివరి రోజుల్లో పెట్టుకున్న లక్ష్యం పౌనుకు 1.20 నుంచి 1.40 డాలర్లు. అంటే దేశాలకు దేశాలే ఆగేవి. ఆ ఏర్పాటు పవిత్రమేమీ కాదు. కోటాలు పంచుకోవడంలో లాలూచీలుండేవి, బ్రెజిల్ మాటే చెల్లేది, అమెరికా ప్రచ్ఛన్న యుద్ధపు లెక్కలు వేసుకునేది. 1989 జూలైలో కోటాలు కూలిపోయాయి. దాచిన సరుకంతా ఒక్కసారి బజారున పడి ధర సగానికి పడింది. ఆ తర్వాత వియత్నాం రొబస్టా వరదలా వచ్చింది. 2001 చివరికి న్యూయార్క్‌లో పౌను ధర 50 సెంట్ల లోపుకు దిగింది. మధ్య అమెరికాలో తోటలు వదిలేసి జనం వలసపోయారు.

అప్పట్లో అంతర్జాతీయ కాఫీ సంస్థకు అధిపతిగా ఉన్న నెస్టర్ ఒసోరియో బయటపెట్టిన లెక్క ఒకటుంది. 1990ల తొలినాళ్లలో ప్రపంచం కాఫీ మీద ఖర్చు పెట్టేది దాదాపు 3,000 కోట్ల డాలర్లు, పండించే దేశాలకు ఎగుమతుల మీద అందేది 1,000 నుంచి 1,200 కోట్లు. పదేళ్లు తిరిగేసరికి ఖర్చు 7,000 కోట్లు దాటింది, పండించే దేశాల రాబడి 550 కోట్లకు పడిపోయింది. తాగేవాళ్లు రెండింతల పైగా చెల్లిస్తున్నారు, పండించేవాళ్లకు సగం వస్తోంది. ఆగే శక్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారితే ఏమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పే అంకెలు నేను చూడలేదు.

మన దేశానిదీ ఒక పాఠమే. 1942 చట్టం ప్రకారం పండిన కాఫీ మొత్తం కాఫీ బోర్డు పూలులో వేయాల్సిందే. బోర్డు వేలం వేసి, విడతలు విడతలుగా డబ్బిచ్చేది. చివరి విడత కోసం కళ్లు కాయలు కాచేవని పాత రైతులు ఇప్పటికీ అంటారు. విసిగిపోయి వాళ్లే స్వేచ్ఛ కోరారు, 1996 నాటికి పూర్తి స్వేచ్ఛ వచ్చింది. బ్రెజిల్ మంచు పుణ్యమా అని అప్పుడు ధరలు బాగుండటంతో కొడగు, చిక్కమగళూరుల్లో పండగ చేసుకున్నారు. నాలుగైదేళ్లకు ప్రపంచ ధర కుప్పకూలితే పెద్ద ఎస్టేట్లు తట్టుకున్నాయి, చిన్న రైతులు అప్పుల్లో మునిగారు. బోర్డు చేతిలో డబ్బు ఆలస్యం, బజారు చేతిలో దిక్కు లేదు. రెండూ చూసినవాళ్లకు ఏది మేలో చెప్పడం కష్టం.

‘ఫెయిర్‌ట్రేడ్ ఉందిగా’ అంటారు కొందరు. ఉంది. 1988లో నెదర్లాండ్స్‌లో మాక్స్ హవెలార్ లేబుల్‌తో, మెక్సికో కొండల్లోని రైతుల కాఫీతో మొదలైంది. జావాలో కాఫీ పండించే జనాన్ని డచ్చి వలస పాలన పీల్చిన తీరును ఎండగట్టిన 1860 నాటి నవల పేరది. డచ్చి జనమే ఆ పేరు పెట్టుకోవడం మెచ్చదగ్గది. ధర పడిపోయిన 2001లోనూ, పౌను డాలరు లోపుకు దిగిన 2019లోనూ ఆ లేబుల్ హామీ ఇచ్చే కనీస ధర ఎన్నో సంఘాలను నిలబెట్టింది. కానీ కడిగిన అరబికాకు 2011లో పెట్టిన 1.40 డాలర్ల కనీస ధరను 1.80కి పెంచింది 2023లో. పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లలో ఎరువు ధర ఆగిందా, కూలి ఆగిందా? పైగా లేబుల్ ఉన్న సంఘాలు కూడా సరుకంతా ఆ ధరకు అమ్ముకోలేవు. కొనేవాళ్లు అడిగినంతే లేబుల్ మీద పోతుంది, మిగిలింది మామూలు బజారుకే. దయగల కొనుగోలుదారు మీద ఆధారపడిన న్యాయానికి హద్దు ఆ దయ దగ్గరే.

ఇథియోపియా ఇంకో దారి పట్టింది. కాఫీ పుట్టిల్లయిన ఆ దేశం యిర్గచెఫె, సిదామో, హరార్ అన్న తన ప్రాంతాల పేర్లను ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయమని అమెరికాలో దరఖాస్తు చేసింది. అక్కడి కాఫీ పరిశ్రమ అడ్డం తిరిగింది. స్టార్‌బక్స్‌తో వివాదం ముదిరి, ఆక్స్‌ఫామ్ ప్రచారం వీధికెక్కి, 2007లో రాజీ కుదిరింది. ఊరి పేరుకు విలువ ఉంటే ఆ విలువ ఊరికే చెందాలన్నది వాళ్ల పట్టుదల. మన అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫ్రేము కట్టి ఆఫీసు గోడకు తగిలిస్తే ఆ కాగితం ధర తేదు. అరకు అని రాసిన ప్రతి ప్యాకెట్‌లో ఉన్నది అరకు గింజేనా అని తనిఖీ చేస్తేనే తెస్తుంది.

కొలంబియా నుంచి నేర్చుకోవాల్సింది మరొకటి. 1927 నుంచి ఉన్న అక్కడి రైతు సమాఖ్య రోజూ ధర ప్రకటిస్తుంది, ఏ రైతు ఏ రోజు సరుకు తెచ్చినా కొనుగోలు కేంద్రం కాదనకూడదు. ఆ ధరా న్యూయార్క్ రేటును బట్టే ఉంటుంది కాబట్టి పతనం నుంచి పూర్తి రక్షణ లేదు. 2019లో సమాఖ్యే విసిగి న్యూయార్క్ రేటుతో తెగతెంపులు చేసుకుంటామని మాట్లాడింది, కానీ చేయలేకపోయింది. అయినా ఈ రోజు ధర ఎంతో కొండ మీది రైతుకు తెలియడమన్నది తక్కువ సంగతి కాదు. మన పాలకేంద్రంలో వెన్న శాతం, లీటర్లు, రూపాయలు రాసిన చీటీ చేతికొస్తుంది. అరకు సంతలో కాఫీ బస్తా దించిన రైతుకు అలాంటి చీటీ ఎందుకు రాకూడదు?

చేయాల్సిన పనులు పెద్ద సిద్ధాంతాలేమీ కావు. ఊరూరా కళ్లం, పంచాయతీకి పల్పింగ్ యూనిట్, నిలవ చేసిన పార్చ్‌మెంట్ మీద సంక్రాంతి లోపలే అప్పు, సంతలో రోజువారీ ధర బోర్డు. 2025లో అరకు తోటల్లో కాయ తొలిచే బెర్రీ బోరర్ పురుగు కనిపించినప్పుడు సోకిన కాయలు కోయించి, పరిహారం ప్రకటించి అధికారులు చకచకా కదిలారు. ఆ చురుకు ధర విషయంలోనూ చూపమనే అడుగుతున్నాం. రైతు ఆగగలిగితే అతని తోటలో కోతకొచ్చే కూలీ కూడా గట్టిగా అడగగలుగుతుంది. ఇప్పుడైతే ఆ అమ్మ గొంతు ఈ లెక్కల్లో ఎక్కడా వినపడదు, ఆ సంగతి విడిగా రాయాలి.

పాఠకులకు ఒక్క మాట. మనం కొనే ఫిల్టర్ కాఫీ ప్యాకెట్ మీద చికోరీ ఎంత శాతమో అచ్చు వేయాలని చట్టం ఉంది, వేస్తున్నారు. ఆ పక్కనే ‘రైతుకు కిలోకు చెల్లించిన ధర ఇంత’ అని మరో వరస వేయడానికి సిరా ఖర్చు తప్ప మరేమీ కాదు. ప్రభుత్వ సంస్థ కాబట్టి జీసీసీ తన అరకు ప్యాకెట్లతో ఈ సీజన్ నుంచే మొదలుపెట్టాలి. మిగతా కంపెనీలను మీరు అడగండి. దుకాణంలో, కేఫులో, కస్టమర్ కేర్ నంబరుకు ఫోను చేసి అడగండి.